దశమ భాగం: తినేదెవరు, లెక్క చూసేదెవరు

తమ్ముడూ, వందనాలు.

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ముందు రాస్తాను, తేడా ఉంటే దిద్దండి. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికొచ్చేది నెలకు 82,000. అక్క పెళ్ళికి నాన్నగారు చేసిన అప్పులో ఇంకా 4 లక్షలు మిగిలింది, నూటికి రెండు రూపాయల వడ్డీ. అమ్మానాన్నలకు నెలకు 10,000 పంపుతున్నారు. మీరు వెళ్ళే సిటీ చర్చిలో దశమ భాగం, అంటే రాబడిలో పదో వంతు కానుక, మొత్తం జీతం మీద ఇవ్వాలంటున్నారు. టీవీలో ఒకాయన విత్తన కానుక (దీవెన పంటగా తిరిగొస్తుందని ముందుగా పంపే డబ్బు) పంపితే అప్పు తీరుతుందనీ, దశమ భాగం ఎగ్గొడితే బైబిల్లో మలాకీ గ్రంథంలో ఉన్న శాపం తగులుతుందనీ చెప్పారు. ఊళ్ళో మందిరం స్లాబుకి డాలస్‌లో ఉన్న మీ బావగారు డబ్బు పంపుతానంటున్నారు. ఇన్నిటి మధ్య మీకు నిద్ర పట్టడం లేదు.

నేను బ్యాంకులో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ప్రకాశం జిల్లాలో ఒక బాప్టిస్టు సంఘంలో మొదట స్త్రీల సమాజం లెక్కలు, ఆ తర్వాత సంఘ కోశాధికారి పని, అంతా కలిపి 22 ఏళ్ళు చూశాను. వాక్యం బోధించే అర్హత నాకు లేదు. కానుక సంచి బల్ల మీద బోర్లించాక ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు.

మలాకీతోనే మొదలుపెడదాం, మీ నిద్ర చెడగొట్టింది ఆయన పేరే కాబట్టి. 3వ అధ్యాయం 10వ వచనం మనందరికీ కంఠతా వచ్చు. ఆకాశపు వాకిండ్లు విప్పడం గురించి గొంతు పెంచి చెప్తారు. అదే వచనం మొదట్లో ‘నా మందిరములో ఆహారముండునట్లు’ అని ఉంది. ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి గబగబా దాటేస్తారు. ఆహారం ఎవరికి? లేవీయులకి. వాళ్ళకి భూమి పంచలేదు, మందిరం పనే వాళ్ళ పొలం, పదో వంతే వాళ్ళ పంట. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం చివర చూడండి: మూడేళ్ళకోసారి ఆ పదో వంతు ఊళ్ళోనే ఉంచి లేవీయుడు, పరదేశి, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్ళు తిని తృప్తిపొందాలి అని ఉంది. అంటే ఇచ్చినదానికి ఆ చివర ఒక నోరు ఉంది, ఒక కంచం ఉంది.

ఇప్పుడు నెహెమ్యా 13వ అధ్యాయం తీయండి. దాదాపు అదే కాలం. లేవీయుల భాగాలు జనం ఇవ్వడం మానేస్తే వాళ్ళంతా మందిరం వదిలి ఎవరి పొలానికి వాళ్ళు వెళ్ళిపోయారు. నెహెమ్యా అధికారులతో పోట్లాడి, వాళ్ళని వెనక్కి పిలిపించి, మళ్ళీ పదో వంతులు తెప్పించాడు. వెంటనే ఇంకో పని చేశాడు: నిధి మీద ఒక యాజకుణ్ణి, ఒక శాస్త్రిని, ఒక లేవీయుణ్ణి పెట్టి, వాళ్ళకి తోడుగా హానాను అనే మనిషిని కూడా పెట్టాడు. ఒక నిధికి నలుగురు! ఎందుకంటే వాళ్ళు నమ్మకస్తులని జనంలో పేరుంది అని రాశారు. నేను కోశాధికారిగా ఉన్నన్నాళ్ళూ ఆ నాలుగు వచనాలు పుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టుకున్నాను. కానుక అడిగేవాళ్ళు ఎవరొచ్చినా ఈ రెండే చూడండి: దీంతో తినేదెవరు, దీని లెక్క చూసేదెవరు.

లెక్క గురించి నా సొంత తప్పు ఒకటి చెప్పాలి.

కోశాధికారి అయిన మొదటి ఏడాది. ఆదివారం ఆరాధన అయ్యేసరికి వాన పట్టుకుంది. నాతో లెక్కపెట్టాల్సినావిడ, పిల్లాడికి జ్వరమని వెళ్ళిపోయింది. నేనొక్కదాన్నే వెస్ట్రీలో, అంటే మందిరం పక్క గదిలో, కూర్చుని లెక్కపెట్టాను. అన్నీ అరచేతి చెమటకి మెత్తబడి, నాలుగు మడతలు పడిన పదులూ ఇరవైలూ. కవర్లలో ఒకదాని మీద 1,000 అని రాసుంది, లోపల ఒక్క 500 నోటే ఉంది. మర్చిపోయారేమో అనుకుని 500కే రసీదు రాశాను. మరుసటి ఆదివారం ఆ కవరు ఇచ్చిన రిటైర్డు టీచరమ్మ నెమ్మదిగా అడిగారు, ‘రెండు నోట్లు పెట్టానమ్మా’ అని. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ మూడు నెలలు నేను ముందు వరసలో కూర్చుంటే వెనక చూపులు తెలిసేవి. ఆ బాధలో ఇంకో పొరపాటు చేశాను, నా పర్సులోంచి 500 తీసి సంఘం ఖాతాలో కలిపేశాను. అది చూసినవాళ్ళకి నేను ఒప్పుకున్నట్టు కనబడింది. ఆ నోటు ఏమైందో ఇప్పటికీ తెలీదు.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. ఒకే ఇంటివాళ్ళు కాని ఇద్దరు, తలుపులు తీసి, పుల్పిట్ ముందు బల్ల మీద, జనం ఇంకా చెప్పులు వేసుకుంటుండగానే లెక్కపెడతారు. ఇద్దరూ సంతకం చేస్తారు. పాటల నంబర్లు రాసే బోర్డు కింద పోయిన వారం మొత్తం రాస్తాం. నన్ను అనుమానించారని అప్పుడు ఏడ్చాను గానీ, అసలు ఆ అవకాశం ఇచ్చింది నేనే. పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసినప్పుడు డబ్బు తనొక్కడే పట్టుకెళ్ళలేదు. సంఘాలు ఏర్పరచిన మనిషిని తోడు తీసుకున్నాడు, ఎవరూ తప్పు పట్టకుండా జాగ్రత్త పడుతున్నామని రాశాడు (2 కొరింథీ 8). ఫిలిప్పీ వాళ్ళు పంపిన సొమ్ముకి నాలుగో అధ్యాయంలో ఆయన రాసినది చదివితే నాకు రసీదు చదివినట్టే ఉంటుంది. ఆయన వాడిన గ్రీకు మాట ఆ రోజుల్లో రసీదుల మీద రాసే మాటేనని మా అయ్యగారు (పాస్టరు గారు) చెప్పినప్పుడు బ్యాంకు మనిషిని కదా, భలే సంతోషమేసింది. కాబట్టి లెక్క అడగడం అవిశ్వాసం అని ఎవరైనా అంటే భయపడకండి.

ఇప్పుడు మీ ఊరి అయ్యగారి సంగతి. ఆయన ఏ రకం సేవకుడో ముందు కనుక్కోండి. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘమైతే ఊరి సంఘం డయాసిస్‌కి, అంటే బిషప్ గారి పరిధికి, అసెస్‌మెంట్ అనే వాటా కడుతుంది, అయ్యగారికి జీతం అక్కణ్ణుంచి వస్తుంది. బ్రదరన్ వాళ్ళలో, భక్తసింగ్ గారి హెబ్రోను సంఘాల్లో నెల జీతం ఉండదు, డబ్బు కోసం అప్పీలు చేయరు. ఆ పద్ధతికి మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి వచ్చి, జీతం ఇచ్చే సొసైటీ ఏదీ వెనక లేకుండానే నర్సాపురం వైపు గోదావరి డెల్టాలో స్థిరపడ్డారు. ఇక మూడో రకం, ఈ రోజుల్లో ఎక్కువగా కనిపించేది, ఎవరికీ చెందని స్వతంత్ర సంఘం. అక్కడ ఆదివారం సంచిలో పడిందే అయ్యగారి జీతం, మందిరం కరెంటు బిల్లు, ఆయన కూతురి ఫీజు, మూడూ. మీరు రాసినదాన్ని బట్టి మీది ఇదే.

ఇలాంటి చోట ఇచ్చేవాళ్ళతో నాకొక పేచీ ఉంది. మైకు సెట్టు ఇస్తారు, కీబోర్డు ఇస్తారు, ఫ్యాన్లు ఇస్తారు. ప్లాస్టిక్ కుర్చీల వెనక ఇంటి పేరుతో సహా పెయింటుతో రాయిస్తారు. కందిపప్పు మీద పేరు రాయలేం కదా, అందుకే అది ఎవరూ ఇవ్వరు. మా సంఘంలో స్లాబుకి 14 లక్షలు పోగైన ఏడాదే అయ్యగారింటి కరెంటు బిల్లు మూడు నెలలు బాకీ పడింది. నాకు ఆ సంగతి లైన్‌మన్ ద్వారా తెలిసింది. పుస్తకంలో 14 లక్షలు నా చేతి రాతే. మాకు తెలిసిన ఇంకో అయ్యగారు వారమంతా షేర్ ఆటో నడుపుతారు, శనివారం రాత్రి పదింటికి ఇల్లు చేరి ప్రసంగం సిద్ధం చేసుకుంటారు. పౌలు డేరాలు కుట్టలేదా అంటారు. కుట్టాడు, కానీ అదే పౌలు సువార్త ప్రకటించేవాళ్ళు సువార్త వల్లనే జీవించాలని ప్రభువు నియమించాడని కూడా రాశాడు. ఆటో ఆయన సొంతంగా ఎంచుకున్నదైతే సరే. మనం ఇవ్వక పట్టిన ఆటో అయితే అది నెహెమ్యా నాటి పొలమే.

ఇవ్వడంలోనూ చూసి ఇవ్వాలి. మా స్త్రీల సమాజంలో గుప్పెడు బియ్యం పాత అలవాటు: పొద్దున బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేయడం, నెలకోసారి సమాజానికి తేవడం. నేను లెక్కలు చూసిన కొత్తలో అన్ని డబ్బాలూ ఒకే గోనెలో పోసి అయ్యగారింటికి పంపేవాళ్ళం. ఒకరోజు అమ్మగారి (అయ్యగారి భార్య) వంటింట్లోకి వెళ్తే గిన్నెలో సన్నబియ్యం మెత్తని ముద్దయిపోయింది, రేషన్ బియ్యం ఇంకా పలుకుగానే ఉంది. ఆవిడ ఎన్నేళ్ళుగా అలా వండుతున్నారో ఏనాడూ అనలేదు. మర్నాటి నుంచి మూడు డబ్బాలు పెట్టాం: సన్నవి, దొడ్డువి, రేషన్‌వి. సన్నవి అమ్మగారికి, మిగతావి వేలం వేసి ఆ డబ్బు కూడా ఆవిడకే.

ఇక మీ అంకెలు. చేతికొచ్చే 82,000లో పదో వంతు 8,200. మీ 4 లక్షల మీద నెల వడ్డీ 8,000. చూశారా తమ్ముడూ, మీ దశమ భాగం ఇప్పటికే ప్రతి నెలా వడ్డీ వ్యాపారికి వెళ్తోంది! అప్పులో ఉన్నవాడు అసలు ఇవ్వకూడదని నేను అనను. అలవాటు తప్పితే, అప్పు తీరాక ఇంకో ఖర్చు ఆ చోటు ఆక్రమిస్తుంది. కానీ పూర్తి పదో వంతు ఇచ్చి అప్పుని అలాగే సాగదీయమని కూడా చెప్పను. నా సలహా: నెలకు 3,000 ఇవ్వండి. అప్పుకి వడ్డీతో కలిపి 33,000 కట్టండి. సుమారు 14 నెలల్లో తీరిపోతుంది. అమ్మానాన్నల 10,000 తీశాక మీకు 36,000 మిగులుతుంది, అందులో సర్దుకోవాలి, కొంచెం ఇరుకే. ఈలోగా మీ జీతం మీద బ్యాంకులో పర్సనల్ లోన్ అడిగి చూడండి. దాదాపు సగం వడ్డీకి దొరికితే ఆ రెండు రూపాయల అప్పు ముందు మూసేయండి. తీరిన నెల నుంచి పూర్తి పదో వంతు ఇస్తానని ఇప్పుడే ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి బైబిల్లో పెట్టుకోండి.

అమ్మానాన్నల 10,000 తగ్గించి కానుక పెంచాలన్న ఆలోచన మీ ఉత్తరంలో ఒక మూల కనిపించింది. వద్దు. కొర్బాను, అంటే ఇది దేవునికి అర్పితం అని చెప్పి తల్లిదండ్రులకు చెందాల్సింది ఎగ్గొట్టినవాళ్ళని ప్రభువు ఏమన్నాడో మార్కు 7లో ఉంది.

మొత్తం జీతమా, చేతికొచ్చినదా అన్నదాని మీద నేను ఎక్కువ మాట్లాడను. మలాకీ కాలంలో టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే పన్ను) లేదు. చేతికొచ్చినదాని మీద ఇస్తే చాలని నా అభిప్రాయం, దానికోసం సంఘంలో ఎవరితోనూ తగవు పడకండి. పుదీనా, సోపు, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టి న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినవాళ్ళ గురించి మత్తయి 23లో ఉంది కదా.

ఆ 3,000లో 1,500 ఊరి అయ్యగారికి, 1,000 మీరు వారం వారం కూర్చుని వాక్యం వినే సిటీ సంఘానికి, 500 విడిగా ఒక ఖాతాలో. ఆ 500 ఎవరికైనా ఆసుపత్రి అవసరం వచ్చినప్పుడు అప్పు చేయకుండా ఇవ్వడానికి. పౌలు కొరింథు వాళ్ళతో ప్రతి ఆదివారం తమ దగ్గరే కొంత తీసిపెట్టుకోమన్నది ఇలాంటి పనికే. సంఘం బయటి సేవకి ఇవ్వొచ్చా అని అడిగారు. అప్పు తీరాక తప్పకుండా ఇవ్వండి. మన తెలుగు సంఘాలు ఆ బాకీ ఉన్నాయి. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టి, తమ సొంత డబ్బుతో దోర్నకల్ ప్రాంతానికి సేవకుల్ని పంపారు. భాష రాని ఊళ్ళ కోసం ఇచ్చిన డబ్బు అది. దాని స్థాపకుల్లో ఒకరైన అజరయ్య తర్వాత తనే దోర్నకల్ వచ్చారు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. పేద కూలీల సంఘాలకే ఆయన ఇవ్వడం నేర్పారు, ఆ విషయం మీద పుస్తకమూ రాశారు.

విత్తన కానుక సున్నా. దీవెనకి రేటు కట్టే దగ్గర మీ డబ్బుకి పని లేదు. మా ఒంగోలు వైపు 1876-78 కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. సాయం అందుతున్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. అది ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. డబ్బుకీ దీవెనకీ ముడి పెట్టడానికి అంత భయపడిన నేల ఇది. ఇప్పుడు స్క్రీన్ మీద క్యూఆర్ కోడ్ పెట్టి ముడి వేస్తున్నారు.

క్యూఆర్ అంటే గుర్తొచ్చింది. ఏ సేవకైనా పంపే ముందు స్కాన్ చేసి ఆగండి, బ్యాంకులో ఉన్న పేరు కనిపిస్తుంది. టీవీ మీద ట్రస్టు పేరు, ఫోన్‌లో వ్యక్తి పేరు వస్తే ఎందుకో అడగండి. పల్లెటూరి అయ్యగారికి రిజిస్టరైన సొసైటీ ఉండకపోవచ్చు, ఆయన పేరే వస్తుంది, అందులో మోసం లేదు. అది మీరు ఒక మనిషికి ఇచ్చే బహుమానం అని తెలిసి ఇస్తున్నారు. కోట్లలో నడిచే సంస్థ వ్యక్తి ఖాతాలోకి తీసుకుంటే మాత్రం అది వేరే కథ. రసీదు, ఆడిట్ లెక్క, ట్రస్టీల పేర్లు అడగండి. ట్రస్టీలంతా ఒకే ఇంటివాళ్ళైతే నెహెమ్యా పెట్టిన నలుగురిని తలుచుకోండి.

80జీ (విరాళం ఇచ్చినవాళ్ళకి ఆదాయపు పన్ను మినహాయింపు తెచ్చే అనుమతి) లేని సంస్థ దొంగదన్న అపోహ మా బ్యాంకులోనే చాలామందికి ఉండేది. ఒకే మతం వాళ్ళ కోసం నడిచే ట్రస్టుకి 80జీ రాదు. అనుమతి ఉన్న సంస్థ కూడా మతపరమైన పనికి తన ఆదాయంలో 5 శాతం మించి ఖర్చు పెట్టకూడదు. అందుకే ఆసుపత్రి, అనాథాశ్రమం నడిపే మిషన్లకి అది ఉంటుంది, ఆరాధన జరిగే మందిరానికి మామూలుగా ఉండదు. ఉన్నచోట విరాళం సర్టిఫికెట్ తీసుకోండి, 2,000 దాటితే నగదు ఇవ్వకండి. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపు ఎలాగూ రాదు.

బావగారి డాలర్లు. ఇక్కడ జాగ్రత్త, మంచి మనసుతో చేసి కేసుల్లో పడిన సంఘాలున్నాయి. ఆయన చేతిలో ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారతీయ మూలాలవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అక్కడి చర్చిలో నలుగురి దగ్గర చందా వసూలు చేసి పంపినా అంతే. అప్పుడు తీసుకునే సంఘానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్బీఐ మెయిన్ బ్రాంచిలో ఆ పని కోసమే తెరిచిన ఖాతాకే రావాలి. రిజిస్ట్రేషన్ ఉన్న ఇంకో సంస్థ తీసుకుని మీ ఊరికి బదిలీ చేద్దామంటే 2020 సవరణ ఆ దారి మూసేసింది. మీ ఖాతాలో వేయించుకుని మీరు అయ్యగారికి ఇవ్వడం కూడా వద్దు. ఒక్క రూపాయి కదిలే ముందు ఈ పని తెలిసిన సీఏని కలవండి.

స్లాబు ఎస్టిమేట్ ఎవరు వేశారో, సంఘం ఖాతా ఎంతమంది సంతకాలతో నడుస్తోందో ఊళ్ళో కనుక్కుని ఇక్కడే రాయండి, చూసి చెప్తాను. సొమ్ము ఎటూ ఆలస్యమవుతుంది కాబట్టి, ఈలోగా ఈ నెలే అయిపోయే పని ఒకటుంది. అయ్యగారికి 50 దాటకపోతే ఆయన ఖాతా ఉన్న బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్ష బీమాలు రెండూ పెట్టించండి. ఏడాదికి మొదటిదానికి 436 రూపాయలు, రెండోదానికి 20. చేరిన 30 రోజుల తర్వాత ఏ కారణంతో పోయినా అమ్మగారికి 2 లక్షలు వస్తాయి, ప్రమాదమైతే ఇంకో 2 లక్షలు. ఆటోకి డీజిల్ కొట్టించినంత ఖర్చు కూడా కాదు. మా అయ్యగారికి నేను పెట్టించినప్పుడు నామినీ గడిలో పేరు రాస్తూ, పెళ్ళయ్యాక ఒక బ్యాంకు కాగితం మీద అమ్మగారి పేరు రాయడం ఇదే మొదటిసారి అన్నారు. ప్రతి ఏటా మే నెలాఖరుకి ఆ ఖాతాలో 456 రూపాయలు ఉండేలా మాత్రం మీరే గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే రద్దయిపోతుంది.